నూకాలు చెప్పిన ఇల్లు

దీపస్తంభాలు లేని కాలంలో, పడవలు చుక్కల్ని నమ్ముకుని ఒడ్డు చేరే కాలంలో, దక్షిణాన గంగరేవు అనే పట్నం ఉండేదట. ఆ రేవులో కట్టెలమ్ముకునే మనిషి నూకాలు.

పట్నంలో ఏ పొయ్యి అంటుకోవాలన్నా నూకాలు మోపు దిగాల్సిందే. మోపు దించిన చోటల్లా ఆమెకి ఇంత తినడానికి పెట్టేవారు. అలా తిని తిని, ఏ ఇంట ఏది బాగుంటుందో ఆమెకి తెలిసిపోయింది. పడవ దిగిన పరదేశి మొదట అడిగేది తిండి సంగతే కదా. అందరూ నూకాలునే అడిగేవారు. దిబ్బరొట్టెకి సూరమ్మ ఇంటికి పొమ్మనేది. ఉలవచారుకి గవరయ్య పూటకూళ్ల ఇంటికి పొమ్మనేది. వాళ్లు వెళ్లేవారు, తినేవారు, తిరిగి పడవెక్కేటప్పుడు ఆమెకి దణ్ణం పెట్టి పోయేవారు.

చేపల పులుసు మాత్రం ఎర్నమ్మ చేతిదే. అదీ ఒకప్పుడు నూకాలు మోపు దించి తిన్న ఇల్లే. అక్కడే వచ్చింది చిక్కు.

ఒక వానాకాలం ఆ ఆడవాళ్లిద్దరి మొగుళ్లూ ఒకే పడవలో వేటకి వెళ్లారు. పడవ తిరగబడింది. ఎర్నమ్మ మొగుడు ఈదుకుంటూ వచ్చాడు. నూకాలు మొగుడు రాలేదు. తోటివాణ్ణి వదిలేసి వచ్చినవాడి గడప తొక్కననీ, ఆ ఇంటి మనుషులతో పలకననీ నూకాలు ఒట్టేసుకుంది. ఆ ఇంటికి కట్టెలు కూడా వెయ్యలేదు. కొన్నేళ్లకి ఎర్నమ్మ మొగుడూ జ్వరమొచ్చి పోయాడు. ఎర్నమ్మ పుల్లలేరుకుని పులుసన్నం వండి అమ్ముకోసాగింది. రేవుకి దూరంగా, సరుగుడు తోపు దాటాక ఆఖరి ఇల్లు. అటు ఎవరొస్తారు?

ఒకనాడు ఉప్పు బేరగాడు దిగాడు. మంచి చేపల పులుసు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. నూకాలు నెత్తి మీద మోపు దించింది. తర్వాత తోపు దాటి ఆఖరి ఇంటికి పొమ్మంది. వెళ్లాడు, తిన్నాడు, దణ్ణం పెట్టి పోయాడు.

ఇంకోనాడు తోలుబొమ్మలాట వాళ్లు దిగారు. అదే అడిగారు. నూకాలు అదే చెప్పింది. వెళ్లారు, తిన్నారు, దణ్ణం పెట్టి పోయారు.

పక్కన వలలు బాగుచేసుకునే దాలయ్య ఉండబట్టలేక అడిగాడు, పగవాళ్ల ఇంటికి పంపుతావేమని.

"ఆళ్లు ఆకలేసి అడిగారు బావా. నా ఏడుపు అడగలేదు," అంది నూకాలు.

మూడోసారి, ముసురు పట్టిన రోజున, మొగుడూ పెళ్లాం దిగారు. ఆ పిల్లకి వేవిళ్లు. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. పుల్లగా చేపల పులుసైతే తింటానందట. నూకాలు దారి చెప్పింది. ఆ వానలో దారి తప్పి తిరిగొచ్చారు. మళ్లీ చెప్పింది. మళ్లీ తిరిగొచ్చారు. ఈసారి ఆ పిల్ల ఇసకలో కూలబడిపోయింది.

నూకాలు మోపు అక్కడే పడేసింది. పిల్లని భుజానికి ఆనించుకుని తోపు దాటింది. ఎర్నమ్మ గడప ముందు ఆగిపోయింది.

ఎర్నమ్మ బయటికొచ్చి చూసింది. ఇన్నాళ్లూ దారి ఎవరు చెప్పారని అడిగితే, రేవులో ఒకామె అనేవారంతా. ఆ ఒకామె ఎవరో ఇప్పుడు తెలిసింది. ముందు పిల్లకి అన్నం కలిపి పెట్టింది. తిన్న అన్నం కడుపులో నిలిచింది. అప్పుడు గడప దగ్గరికి వచ్చింది.

"లోపలికి రా, వొదినా."

"తొక్కనన్నాను. తొక్కను."

 ఎర్నమ్మ బయట చూరు కింద అరిటాకు వేసింది. అన్నం పెట్టి పులుసు పోసింది. తనూ గడప దిగి, ఆకు పక్కన తడినేల మీద కూచుంది. నూకాలు ఆ ఆకుని చాలాసేపు చూసింది. తర్వాత కూచుని తింది. ముద్ద మిగల్చకుండా తింది.

"ఉప్పు తగ్గింది," అంది.

"రేపు సరిచేస్తాను," అంది ఎర్నమ్మ.

మర్నాడు నూకాలు ఆ వాకిట్లో మోపు దించింది. చూరు కింద ఆకు వేసి ఉంది. బతికినన్నాళ్లూ అక్కడే తింది. గడప మాత్రం తొక్కలేదు.

నూకాలు పోయిన రోజు గంగరేవులో పొయ్యి అంటుకోలేదట. ఇంటికో కట్టె తెచ్చి ఆమెకి చితి పేర్చారు.

ఇప్పటికీ ఆ పట్నంలో, తిండి ఎక్కడ బాగుంటుందని అడిగితే ఎవరూ చెయ్యి చూపించి ఊరుకోరు. పని ఆపి గుమ్మం దాకా తోడొస్తారు. ఇక పూటకూళ్ల ఇళ్లలోనైతే తొలి ఆకు బయటే వేస్తారు, చూరు కింద. ఎందుకని అడిగితే, లోపలికి రాలేనివాళ్లు ఎవరైనా ఉండొచ్చు కదా అంటారు.