తూములో తెల్లది

ఈ నానమ్మ అనగనగా అందంటే నువ్వు ఊఁ కొట్టాలి తల్లీ. ఆపావంటే కథలోది బయటికొస్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఇళ్ళకీ బడికీ మధ్య ఒక గెడ్డ పారేది. గెడ్డ మీద చిన్న వంతెన. వంతెన కింద తూము. తూములో పగలైనా చీకటే.

ఆ ఊళ్ళో ముత్యాలు అనే పిల్ల ఉండేది, నీ అంతే. వాళ్ళమ్మ సింహాచలం జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు ఒలిచేది. రోజూ కోడికంటే ముందు లేచేది. రాగులంటారే, ఆ చోడి రొట్టె, మునగాకు పొడి, ఉడికిన చిలగడదుంప అడ్డాకులో పెట్టి, అరటినారతో కట్టి ఇచ్చేది. తిన్నాక ముత్యాలు ఆకుని మేకకి వేసేది. మేక వదిలేసిన ముక్కని మట్టి తినేది.

కొన్నాళ్ళకి ఫ్యాక్టరీలో పని పెరిగి, సింహాచలం చీకటితో వెళ్ళి దీపాల వేళకి రావాల్సొచ్చింది. మొగుడు అప్పలసూరితో, "రేపట్నుంచి పిల్లకి కేరేజీ నువ్వు కట్టాల" అంది.

"మీసాలున్నోడు గరిటె పడతాడేటి?"

"తినీటప్పుడు మీసాలు అడ్డు రాలేదేటి?" అనేసి వెళ్ళిపోయింది.

అప్పలసూరి పొయ్యి వైపైనా చూడలేదు. హోటల్లో పూరీలు ఒక కవర్లో, కూర ఒక కవర్లో, చట్నీ ఒక కవర్లో పట్టించుకొచ్చాడు. కారిపోకుండా ఒక్కోదానికి ఎర్ర దారంతో మూడేసి ముళ్ళు వేశాడు. పెళ్ళిలో వేసిన మూడు ముళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆయన కట్టింది అవే.

మొదటి రోజు ముత్యాలు తిన్నాక, కవర్లు మేకకి వేయకూడదు కదా అని గెడ్డలోకి విసిరేసింది. తూములోంచి సరసరమని చప్పుడు. "ఇంకా" అంది ఏదో.

రెండో రోజూ విసిరింది. తూము నోట్లో తెల్లగా ఏదో ఉబ్బింది. దానికి కళ్ళు లేవు. పాచిపోయిన చట్నీ వాసన. "ఇంకా" అంది.

"అయ్యా, తూములో ఏదో ఉంది."

"నీ బుర్రలో ఉంది, తొంగో."

మూడో రోజు కవర్లు సంచీలోనే దాచుకుంది. వంతెన ఎక్కగానే తెల్లది సంచీ పట్టి లాగింది. సంచీ వదిలేసి పరిగెత్తింది ముత్యాలు.

ఆ సాయంత్రం వాన కురిసింది. ఊరంతా విసిరిన కవర్లతో తూము పూడిపోయింది. నీళ్ళు వంతెన మీదికెక్కాయి. సింహాచలం పని నుంచి వస్తూ వంతెన మీద అడుగు పెట్టింది. అప్పుడు తెల్లది లేచింది. కాలికి చుట్టుకుంది. మోకాలికి పాకింది. నడుము పట్టింది.

"అయ్యా! అమ్మని మింగేస్తంది!" గట్టు మీద అమ్మకి ఎదురుచూస్తున్న ముత్యాలు అరిచింది.

అప్పలసూరి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి, నీళ్ళలోకి దూకి దాన్ని పట్టి లాగాడు. లాగేకొద్దీ వస్తోంది, కవరు వెనక కవరు. చేతికి ఎర్ర దారం తగిలింది. మూడు ముళ్ళు. ఇంకోటి లాగాడు. మూడు ముళ్ళు. ఆయన మీసాలు వణికాయి.

"ఈ ముళ్ళు నాను ఏసినయే" అన్నాడు.

పళ్ళతో కొరికి ఒక్కో ముడీ తెంపాడు. ఆఖరిది తెగాక తూము గుటకేసింది, నీళ్ళు దిగాయి. సింహాచలం గట్టెక్కింది. మొగుడి వంక చూసింది. తెల్లదానికంటే ఆ చూపుకే ఆయన ఎక్కువ భయపడ్డాడు.

మర్నాడు కోడికంటే ముందు అప్పలసూరే లేచాడు. మొదటి రొట్టె మాడింది. రెండోది విరిగింది. మూడోది అడ్డాకులో చుట్టి అరటినారతో కట్టాడు, ఒకే ముడి.

కానీ తెల్లది చచ్చిపోలేదు తల్లీ. తూములో చెవి ఒగ్గి కూర్చుంది. ఏ ఇంట్లో కవరు చప్పుడవుతుందో, ఏ ఇంట్లో అమ్మ ఒక్కతే లేస్తుందో వింటోంది. మన వీధి కాలవకీ తూముంది కదా.

వణక్కు, దుప్పటి కప్పుకో. మీ నాన్న పక్కగదిలో మెలకువగానే ఉన్నాడు, అందుకే గట్టిగా చెప్పాను. రేపు పొద్దున వంటింట్లోంచి ముందు మీ అమ్మ గాజుల చప్పుడొస్తుందో, మీ నాన్న దగ్గొస్తుందో విందాం.

ఆకు చేరె మట్టికి,
అయ్య చేరె పొయ్యికి,
కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి.