నూరో తల

ఒకానొక కొండల రాజ్యాన్ని రుద్రకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు తాను చేసిన చట్టాలంటే తగని ముద్దు. వాటిని రాళ్ళ మీద చెక్కించి కోట ముందు పాతించి, రోజూ చదువుకుని మురిసిపోయేవాడు.

మొదటి రాయి ఇలా చెప్పేది: నూరు తలలున్న ఊరికే బండిబాట. రెండో రాయి: ఎవరు ఏ ఊరి పొయ్యి మీద వండింది తింటే, ఆనాటికి వారు ఆ ఊరివారే. బాటసారులు తలపన్ను ఎగ్గొడుతున్నారని ఈ రెండోది పుట్టింది.

ఒకనాడు చింతగెడ్డ అనే కొండ ఊరి నుంచి పోలమ్మ అనే ముసలమ్మ కొలువుకు వచ్చింది.

"మా ఊరికి బాట ఎయ్యండి బాబూ. పోయినేడు మాం నూరుమందిమే, అప్పుడు అడగనేకపోనాం. నా పెద్దకోడలు నొప్పులతో వైద్యుడి కాడికి పోతా డోలీలోనే సచ్చిపోనాది. చిన్నకోడలికి నెలలు నిండొస్తన్నాయి."

"అంటే ఇప్పుడు తొంభైతొమ్మిది," అన్నాడు రాజు.

"కడుపులోది ఉంది కద బాబూ!"

"పుట్టని తల తల కాదు. పో!"

పోలమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెనుదిరిగింది. కొలువులో ఉన్న విదూషకుడు చెన్నుభట్టు ఇదంతా విన్నాడు. నోటి దురుసుకే జీతం తీసుకునే మనిషి, ఊరుకుంటాడా?

"ప్రభూ, చింతగెడ్డలో నూరు తలలున్నాయి. తమరే వచ్చి లెక్కపెట్టండి. తగ్గితే నా తల తీయించండి," అన్నాడు.

ఆ తల మీద రాజుకు ఎన్నాళ్ళ నుంచో కన్నుంది. మర్నాడే బయలుదేరాడు.

కొండ కిందనే పల్లకీ ఆగిపోయింది. పైకి ఉన్నది మేకలు నడిచే దారి. బోయీలను అక్కడే వదిలి, ఊరివాళ్ళు తెచ్చిన డోలీలో కూర్చున్నాడు రాజు. కర్రకు కట్టిన దుప్పట్లో మడిచిన రాజుగారు రాయి వచ్చినప్పుడల్లా "అమ్మో" అన్నారు. గెడ్డ నీళ్ళు దాటేటప్పుడు కిరీటం చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

పైకి చేరేసరికి ఆకలితో ప్రాణం కడబట్టింది. పోలమ్మ చోడి పిండితో కాచిన అంబలి పోసింది. రాజు రెండు ముంతలు గటగటా తాగాడు. చెన్నుభట్టు మాత్రం "నాకు ఏకాదశి" అన్నాడు.

అప్పుడు రాజు ఊరందరినీ వరసలో నిలబెట్టి తానే లెక్కపెట్టాడు. "తొంభైతొమ్మిది! ఏదిరా నూరో తల? నీ తల తియ్యనా?"

"ఒకటి మరిచారు ప్రభూ."

"ఏది?"

"లెక్కపెడుతున్నది."

రాజు వేలు తన వైపే తిప్పుకున్నాడు.

"రెండు ముంతలు తాగారు. రెండో రాయి ప్రకారం తమరు చింతగెడ్డ వారే."

"నేను రాజునురా!"

"రాజు తప్ప అని రాయి మీద చెక్కించలేదు కదా."

రాజు పళ్ళు నూరాడు. ఎదురుగా దిగాల్సిన కొండ, పక్కనే డోలీ. ఎక్కడమే అలా ఉంటే దిగడం ఎలా ఉంటుందో తలచుకునేసరికి ఆయన నడుము ముందే మూలిగింది. నిండుచూలాలైన పోలమ్మ పెద్దకోడలు ఇదే డోలీలో ప్రాణం విడిచిందని అప్పుడు గుర్తుకొచ్చి తల దించుకున్నాడు. తరువాత చెన్నుభట్టు వైపు చూసి ఫక్కున నవ్వాడు.

"నా ఊరికి బాట లేకపోవడమా! రేపే పని మొదలెట్టండి!"

నెల తిరక్కుండా బాట పడింది. పోలమ్మ చిన్నకోడలికి నొప్పులొచ్చినప్పుడు గడ్డి పరిచిన బండిలో సకాలంలో వైద్యుడి ఇంటికి చేర్చారు. తల్లీ బిడ్డా క్షేమమని తెలిసి ఊరంతా హమ్మయ్య అనుకుంది.

పసిదాన్ని ఎత్తుకుని పోలమ్మ కొలువుకు వచ్చింది. "బాబూ, నూరోది వచ్చీసినాది. ఇంక మీరు మా ఊరు ఖాళీ సెయ్యొచ్చు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన ముత్యాల హారం తీసి చెన్నుభట్టు మెడలో వేశాడు. అంతటితో ఆగక మొదటి రాయిని పీకించి, చింతగెడ్డ బాటలో పరిపించాడు. ఆపైన పది తలల ఊరికీ బాట పడింది.

ఆ రాయిని ఇప్పుడు చదివేవారు లేరు. దాని మీదుగా బండ్లు మాత్రం పోతూనే ఉన్నాయి.