బూడిదలో అడుగులు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఇవతల, కొండ దిగువన ఒక పెరడు. మన కథంతా ఆ పెరట్లోనే, పిల్లలూ. అడవి లోపలికి పోయే ఓపిక కథలో కోడికీ లేదు, చెప్పే నాకూ లేదు. కాస్త జరిగి నాకూ చోటిచ్చి వినండి.

ఆ పెరడు సన్నెమ్మది. పెరటి మూల మట్టిగోడలతో, తాటాకు కప్పుతో ఒక కోళ్ల గూడు ఉండేది. సాయంత్రం కాగానే సన్నెమ్మ కోళ్లన్నిటినీ లోపలికి తోలి తలుపు వేసేది. తెల్లవారాక తీసేది. గూడు వెనక గోడ పక్కన రోజూ పొయ్యిలో బూడిద తెచ్చి పోసేది. బూడిద స్నానమంటే కోళ్లకు ప్రాణం. ఒంటి మీద పేలు రాలిపోతాయి కదా. తలుపు తీయడమే ఆలస్యం, అన్నీ పరుగున వెళ్లి ఆ బూడిదలో పొర్లేవి, గోళ్లతో కెలికేవి, రెక్కలతో ఎగజిమ్మేవి. తాతల నాటి అలవాటు.

ఆ గూట్లో బూదమ్మ అని ఒక పెట్ట ఉండేది. బూడిద రంగు ఈకలు, సగం మూసిన కళ్లు. పాపం, బాగా అలిసిపోయిన పెట్ట. ఎన్నిసార్లు పొదిగిందో, ఎన్ని పిల్లల్ని పోగొట్టుకుందో దానికే గుర్తు లేదు. ఈసారి పిల్లల్లో మూడు మిగిలాయి.

"ఈ మూడైనా పెద్దవైతే చాలు. ఇంక నావల్ల కాదు. ఇంకోసారి పొదగలేను," అనేది బూదమ్మ.

ఒకరోజు పొద్దున లేచి చూసుకుంటే ఒక పిల్ల లేదు. గూడు తలుపు వేసింది వేసినట్టే ఉంది. ఎవరు వచ్చారో ఎవరూ చూడలేదు. కోళ్లకు రేచీకటి కదా, వెలుతురు బాగా వస్తే గాని కళ్లు కనపడవు. తెలతెలవారుతుండగా ఏదో కలకలం, ఏదో రెక్కల చప్పుడు. అంతే తెలుసు.

ఆ గూటికి పెద్ద ఎర్రయ్య అనే పుంజు. తను కూయకపోతే పొద్దు పొడవదని దాని గట్టి నమ్మకం. అది మెడ నిక్కించి అంది:

"ఇంట్లో చావు జరిగింది. ముందు అందరూ మైల స్నానం చేయండి. తర్వాతే పంచాయితీ. స్నానం కాకుండా ఎవరూ నోరెత్తకూడదు."

అన్నీ బూడిదలోకి దిగాయి. చావు స్నానం కాబట్టి రోజూకంటే ఎక్కువగా పొర్లాయి. బిడ్డ పోయింది బూదమ్మకు. మైల దానికే ఎక్కువ. కాబట్టి అందరికంటే ఎక్కువ కెలికింది అదే.

స్నానాలయ్యాక పంచాయితీ మొదలైంది.

"ఎవరి పనో చెప్పాలా? గద్ద!" అంది ఎర్రయ్య.

గుమ్మం దగ్గర గుండడు అనే ముసలి కుక్క పడుకుని ఉంది. రోజూ గూటి ముందే దాని పడక. అది ఒక కన్ను తెరిచి, "తలుపు వేసి ఉంటే గద్ద ఎలా వస్తుందిరా ఎర్రయ్యా?" అని అడిగింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నీ పని చూసుకో!" అని కసిరింది ఎర్రయ్య.

ఆ రోజంతా కోళ్లు కరివేపాకు చెట్టు కింద దూరి ఆకాశం వైపే చూశాయి. మెడలు పట్టేశాయి. గద్ద రాలేదు. దానికి వేరే పనులుండవా ఏమిటి?

రెండు రోజులు గడిచాయో లేదో, లచ్చి అనే పడుచు పెట్ట గూట్లోనే చచ్చిపడి ఉంది. మెడ దగ్గర చిన్న గాటు. ఒళ్లంతా అలాగే ఉంది.

"మైల స్నానం! పదండి!" అంది ఎర్రయ్య.

అన్నీ వెళ్లాయి. బూదమ్మకు మాత్రం ఆ రోజు పొర్లే ఓపిక కూడా లేదు. బూడిద కుప్ప అంచున ఊరికే కూలబడింది. అలా తల వాల్చి చూస్తుంటే బూడిదలో ఒక చిన్న అడుగు కనిపించింది. కోడి అడుగు కాదు. ఏమిటా అని వంగేలోగా ఎర్రయ్య కాలు దాని మీద పడింది. ఒక్క కెలుకు కెలికింది. అడుగు పోయింది.

బూదమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. 'ఎవరు వింటారు? వాదించే ఓపిక నాకెక్కడిది?' అనుకుంది. అలిసిపోయినవాళ్లు అలాగే అనుకుంటారు, పిల్లలూ. తప్పని తెలిసినా అనుకుంటారు.

పంచాయితీలో ఎర్రయ్య అంది: "గద్దైతే ఎత్తుకుపోయేది. ఇది కొరికి వదిలేసింది. కొరికేదెవరు? కుక్క! గుమ్మంలో పడుకునేది ఎవరు? కుక్క!"

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టయింది. ఆ రోజు నుంచి గుండడు గూటి దగ్గర ఒళ్లు వాలిస్తే చాలు, కోళ్లన్నీ ఒక్కటై గోల పెట్టేవి. సన్నెమ్మకు విసుగొచ్చి కుక్కను తీసుకెళ్లి వీధి అరుగు దగ్గర కట్టేసింది.

పోతూ పోతూ గుండడు అంది: "నాకేం, హాయిగా పడుకుంటాను. నా చెవులు మందమే, ఒప్పుకుంటాను. కానీ నా వాసనకైనా ఆ దొంగ కాస్త జంకేదేమో. ఇప్పుడు అదీ లేదు. మీ ఇష్టం."

అది నిజమే అయింది. మర్నాడు తెల్లవారేసరికి బూదమ్మ రెండో పిల్ల కూడా లేదు.

మిగిలింది ఒక్కటే. ఆ ఒక్క పిల్ల తల్లి రెక్క కింద దూరి వణుకుతోంది. బూదమ్మ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా. 'ఆ రోజే నోరు విప్పి ఉంటే నా పిల్ల బతికేది,' అనుకుంది. ఆ మాట దాని గుండెలో ముల్లులా దిగింది.

సన్నెమ్మ వచ్చి తలుపు తీసింది.

"మైల స్నానం! ఈసారి నక్క పనే, నాకు తెలుసు. ముందు స్నానం కానివ్వండి!" అంది ఎర్రయ్య.

ఎప్పుడూ అందరికంటే వెనక నడిచే బూదమ్మ, ఆ రోజు అందరికంటే ముందు పరుగెత్తింది. బూడిదకు అడ్డంగా రెండు రెక్కలూ చాచి నిలబడింది.

"ఎవరూ దిగొద్దు. ఇందులో అడుగులున్నాయి," అంది.

కోళ్లు నివ్వెరపోయాయి. ఎర్రయ్యకు తురాయి ఇంకా ఎర్రబడింది.

"ఒసే బూదమ్మా! కడుపున పుట్టినదాని మైల అలాగే ఉంచుకుంటావా? పెద్దల నాటి ఆచారం కాదంటావా?"

"ఉంచుకుంటాను మావా. నా మైల నేనే మోస్తాను. నాకింక ఒక్కటే మిగిలింది. అది కూడా పోయాక నేనెంత స్నానం చేస్తే ఏం లాభం?"

"తప్పుకో!"

"తప్పుకోను."

ఎర్రయ్య ఎగిరి దాని నెత్తిన పొడిచింది. రక్తం కారింది. బూదమ్మ కదల్లేదు. మళ్లీ పొడిచింది. కదల్లేదు. మూడోసారి పొడవబోతుంటే సన్నెమ్మ చేటతో అదిలిస్తూ వచ్చింది.

"పొద్దున్నే ఏం రోగమే మీకు? నూకలైనా తినకుండా ఈ కొట్లాటేమిటి?"

అంటూ కిందికి చూసింది. చూసి అలాగే వంగిపోయింది. మెత్తటి బూడిదలో వరసగా చిన్న చిన్న అడుగులు. వేళ్ల ముందు సూదుల్లాంటి గోళ్ల గుర్తులు. పిల్లి అయితే గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. కాబట్టి పిల్లి కాదు. కంచె వైపు అంచున మొదలైన అడుగులు తిన్నగా గూడు వెనక గోడ దాకా వచ్చాయి. అక్కడ బూడిద లోపలికి కుంగి ఉంది. సన్నెమ్మ చేత్తో తోడి చూస్తే గోడ కింద ముంగిస పట్టేంత కన్నం! ఎప్పుడో పందికొక్కు తవ్వి వదిలేసింది. లోపలివైపు దాన్ని గడ్డి కప్పేసింది.

"ఓరి నీ ముంగిస మొహం మండ! ఇన్నాళ్లూ నా కోళ్లను తింటున్నది నువ్వా? అనవసరంగా ఆ కుక్కను కట్టేశానే!"

సన్నెమ్మ ఆ కన్నంలో రాళ్లు కూరింది. పైన తడిమట్టి మెత్తింది. గోడ వెంట తుమ్మకంప పరిచింది. గుండడి తాడు విప్పేసింది. గుండడు ఒళ్లు విదుల్చుకుంది. నెమ్మదిగా వచ్చి ఈసారి వెనక గోడ పక్కన పడుకుంది.

మర్నాడు పొద్దున కోళ్లు బయటికి వచ్చాయి. లెక్క తగ్గలేదు.

"నేను మొదటి నుంచీ ముంగిసనే అనుమానించాను," అంది ఎర్రయ్య. కోళ్లు నూకలు ఏరుకోవడంలో పడ్డాయి.

కంచె అవతల ముంగిస కూర్చుని ఉంది. ముక్కు మీద ముళ్లు గీరిన గాట్లు. రాత్రంతా ఏమీ తినలేదేమో, డొక్కలు ఎండిపోయాయి. దాన్ని చూసి బూదమ్మ అడిగింది:

"ఇంటి నిండా మేమున్నాం. గుమ్మంలో కుక్క ఉంది. ఏ ధైర్యంతో వచ్చావు?"

ముంగిస ఆవలించింది.

"మొదటిరోజు నాకేం ధైర్యం లేదు అక్కా. పిల్లను నోట కరుచుకుని పరుగెత్తాక గుర్తొచ్చింది, బూడిదలో నా అడుగులన్నీ అలాగే వదిలేశానని. ఇంక నా పని అయిపోయిందనుకుని ఆ పొదలో వణుకుతూ కూర్చున్నాను. అంతలో మీరంతా వచ్చారు. నా అడుగులు ఒక్కటి మిగలకుండా చెరిపేశారు. పైగా కన్నం మీద బూడిద కూడా కప్పారు. అప్పుడొచ్చింది ధైర్యం. చంపింది నేనే, కాదనను. నన్ను దాచింది మాత్రం మీరే."

అలా అని పొదలోకి వెళ్లిపోయింది. ఆ పెరటి వైపు మళ్లీ రాలేదు.

కోళ్లన్నీ తలలు దించుకున్నాయి. బూదమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. మొదటిరోజు అందరికంటే ఎక్కువ కెలికిన గోళ్లు అవే. తర్వాత మిగిలిన ఒక్క పిల్లను రెక్క కిందికి తీసుకుని, ఎండ పడుతున్న చోట కూర్చుని కళ్లు మూసుకుంది.

నీతి: నష్టం జరిగినప్పుడు ముందు ఆగి గుర్తులు చూడాలి, చూడకుండా నిందలు వేసి, అలవాటు ప్రకారం అన్నీ కెలికేస్తే మనమే దొంగను కాపాడినవాళ్లమవుతాం.