ఊ కొట్టిందెవరు?

ఒకానొక రాజ్యంలో భువనకేసరి అనే రాజు ఉండేవాడు. ఆ రాజ్యం ఏ దిక్కున ఉందని మాత్రం అడక్కండి, అడిగితే కథ ఇక్కడే ఆగిపోతుంది. ఆయన సభలోకి అడుగు పెట్టాలంటే ముందు వందిమాగధులు బిరుదులు చదవాలి. అవన్నీ పూర్తయ్యేసరికి వెనక వరుసలో కూర్చున్న ముసలి సామంతులు ఓ కునుకు తీసి లేచేవారు.

ఆ రాజుకు మైలమ అని ఒక్కతే కూతురు. ఒక వానాకాలంలో జ్వరమొచ్చి, ఆ పిల్ల కన్నుమూసింది. మంచం పక్కన కూర్చున్న దాది, రెక్కల ఏనుగు మబ్బుల్లోంచి మందు తెస్తుందని కథ చెబుతూ ఉంటే, పిల్ల కిటికీలోకి చూస్తూ చూస్తూనే వెళ్లిపోయింది. రాజు మర్నాడే సభ తీర్చాడు. బిరుదుల్లో ఒక్కటీ తగ్గించలేదు. ఆయన కంట తడి చూసినవాళ్లు లేరు. ఎంత గుండె నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. నన్నడిగితే, మెచ్చుకోవలసిన సంగతి కాదది.

కొన్నాళ్లకు రాజు దండోరా వేయించాడు. కంటితో చూసినదే రాయాలి, చూసినదే చదవాలి. ఎగిరే గుర్రాలు, మాట్లాడే కొండలు, మబ్బుల మీద పట్నాలు, ఇవన్నీ అబద్ధాలు. రాసినవాళ్లను పొలిమేర దాటిస్తారు, రాసిన తాటాకులను తగలబెడతారు.

ఆ ఊళ్లో రేచమ్మ అనే పెద్దావిడ ఉండేది. పగలు ఇతరుల గ్రంథాలకు నకళ్లు రాసి పొట్ట పోసుకునేది. తీరిక దొరికితే మేఘదేశం అని తన సొంత కథ రాసుకునేది. ఆ కథ ఇంటింటికీ పాకిందంటే అందుకు కారణం ఆస్థానంలో ఉన్న నూకయ్య. నూకయ్య మాటకారి, హాస్యగాడు, అంతకుమించి చదువరి. ఎవరికి ఏ కథ పనికొస్తుందో మనిషి ముఖం చూసి చెప్పేవాడు. గుర్రం చచ్చిపోయి దిగాలుగా ఉన్న రౌతుకు మబ్బుగుర్రాల ఘట్టం చదవమన్నాడు. అత్త పోరు పడలేకపోతున్న కోడలికి, గయ్యాళి రాక్షసి చిలకగా మారిపోయే ఘట్టం పంపించాడు. ఆ కోడలు వారం రోజులు తనలో తాను నవ్వుకుంటూ తిరిగిందట.

ఆ నవ్వే కొంప ముంచింది. ఎందుకు నవ్వుతున్నావని ఆరా తీసినవాళ్లు కోటలో చెప్పారు. భటులు వచ్చి రేచమ్మను, ఆమె తాటాకులను సభకు పట్టుకొచ్చారు.

నూకయ్యకు గుండెల్లో రాయి పడింది. ఈవిడ కథను ఊరంతా తిప్పింది తనే. ఇప్పుడు ఈ వయసులో ఆవిడ ఊరు విడిచి ఎక్కడికి పోతుంది? అంతకంటే, ఆ కథ బూడిదైపోతే మళ్లీ ఎవరు రాస్తారు?

"తగలబెట్టండి," అన్నాడు రాజు.

"ఒక్క మనవి ప్రభూ," అంటూ నూకయ్య లేచాడు. "కంటితో చూడనిది నమ్మకూడదని తమ ఆజ్ఞ. ఈ కథను ఏలినవారు చదవలేదు, వినలేదు. ఎవరో చెప్పగా నమ్మి శిక్ష వేస్తే, ఆ ఆజ్ఞను మీరిన మొదటివారు తమరే అవుతారేమోనని నా భయం."

సభలో ఒకరిద్దరు దగ్గు నటించారు. రాజు చెయ్యి మీసం మీదికి పోయింది.

"అయితే వింటాం. విని తగలబెడతాం."

"కథ బతికి ఉందో లేదో తేల్చడానికి మన పెద్దల పద్ధతి ఒకటుంది ప్రభూ. కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ కొట్టేవాళ్లు లేకపోతే ఆ కథ చచ్చినట్టే. అప్పుడు నిప్పు నేనే పెడతాను. ఈ సభలో ఏ ఒక్కరు ఊ కొట్టినా ఈవిణ్ణి, ఈవిడ కథను వదిలెయ్యండి."

రాజు సభంతా ఒకసారి కలయజూశాడు. ఆ చూపుకు సామంతులు, పండితులు, చామరాలు వీచేవాళ్లు కూడా పెదాలు బిగించారు.

"సరే. ఎవడు కొడతాడో చూస్తాం," అన్నాడు రాజు ధీమాగా.

నూకయ్య తాటాకుల కట్ట విప్పాడు. గుర్రాలు పక్కన పెట్టాడు. రాక్షసులను పక్కన పెట్టాడు. ఎవరూ అంతగా అడగని ఒక చిన్న ఘట్టం తీసి రేచమ్మ చేతికిచ్చి, మెల్లిగా అన్నాడు. "ఇది చదువు తల్లీ. నువ్వు రాయడం ఆపినచోటే ఆగు. ఊ అనే మాట వినిపించేదాకా నోరు మెదపకు. ఎంతసేపైనా సరే."

"ఎవరంటారయ్యా? అందరూ బిగుసుకుపోయి ఉన్నారు," అంది రేచమ్మ.

"నువ్వు రాసింది నాకు తెలుసు. వినే మనిషీ నాకు తెలుసు. చదువమ్మా."

రేచమ్మ చదవసాగింది.

"మేఘదేశాన్ని ఏలే రాజుకు ఒక శాపముంది. ఆయన మింగిన ప్రతి కన్నీటిబొట్టూ కిరీటంలో ఒక రత్నమై మొలిచేది. కిరీటం ధగధగ మెరుస్తుంటే జనం జేజేలు కొట్టేవారు. రాజు ఇంకా మింగేవాడు. బరువు పెరిగి పెరిగి మెడ వంగిపోయింది. మబ్బుల మీద ఉంటూ కూడా ఆయనకు ఆకాశం కనిపించడం మానేసింది. ఒకనాడు ఒక వానదేవత అటుగా పోతూ ఆగి, రాజా, మెడ నొప్పిగా లేదూ అని అడిగింది. ఆ మాట ఆయనను అంతవరకూ ఎవరూ అడగలేదు."

రేచమ్మ ఆగింది.

సభలో చీమ చిటుక్కుమంటే వినిపించేట్టుంది. చామరాలు ఆగిపోయాయి. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నూకయ్యకు తను లెక్క తప్పాడేమో, ఈవిణ్ణి నిలువునా ముంచాడేమో అనిపించింది. నిప్పు పట్టుకున్న భటుడు కాలు మార్చుకున్నాడు.

"ఊఁ..." అని వినిపించింది.

సన్నగా, అన్నం ముందు కథ వినే పిల్లవాడు అన్నట్టుగా. వెంటనే, "ఆ తర్వాత?" అని కూడా వినిపించింది.

ఒక్కరూ తలెత్తలేదు. రాజే ఉలిక్కిపడ్డాడు.

"ఎవరది? ఊ కొట్టిందెవరు?" అని గద్దించాడు.

నూకయ్య చేతులు కట్టుకున్నాడు. "పేరు చెప్పే ధైర్యం నాకు లేదు ప్రభూ. చెప్పాలంటే ముందు ఆయన బిరుదులన్నీ చదవాలి. అవి అయ్యేసరికి పొద్దు గూకుతుంది."

రాజు ఒక్క క్షణం మొహం గంటు పెట్టుకున్నాడు. తరువాత పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో దగ్గరున్నవాళ్లకు కూడా తెలియలేదు. కూతురు పోయిన తరువాత ఆయన ఏడవడం అదే మొదటిసారి. సభ అలాగే కూర్చుని ఆయనను ఏడవనిచ్చింది.

చాలాసేపటికి రాజు ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. నిప్పు ఆర్పించాడు. దండోరా రద్దన్నాడు. "నూకయ్యా, కోటలోని గ్రంథాల గది ఇకమీదట నీది. వచ్చినవాళ్లకు ఏ కథ కావాలో చూసి ఇస్తూ ఉండు. అప్పుడప్పుడు మా ముఖం కూడా చూస్తూ ఉండు."

తరువాత సింహాసనం దిగి రేచమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఆ తర్వాత ఏమైందమ్మా?"

"ఇంకా రాయలేదు ప్రభూ."

రాజు కాసేపు తటపటాయించాడు.

"ఆ దేశంలో ఒక పాప ఉండాలి. చింతకాయలంటే ప్రాణం పెడుతుంది. జడ వేస్తానంటే మంచం కింద దూరుతుంది. అబద్ధమాడితే ముక్కు రుద్దుకుంటుంది. రాస్తావా?"

"రాస్తాను ప్రభూ. పాపకు పేరేం పెట్టమంటారు?"

"మైలమ," అన్నాడు భువనకేసరి.