నాలుగు కాళ్ళ నల్లబల్ల

బుర్రా వారి ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, బుర్రా వాళ్ళే అనుకున్నారు. అనుకుని ఊరుకోకుండా వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పారు కూడాను. "మా ఇంటిపేరు చూశారా? అది ఊరికే వస్తుందేంటండీ?" అనేవాడు ఇంటి పెద్ద గవరయ్య. మొన్న వానాకాలంలో ఇల్లు కారింది. కారే చోట ఎవరో గిన్నె పెట్టి పోయారు. గవరయ్య చూశాడు. అయ్యయ్యో, గిన్నె తడిసిపోతోందే అని గబగబా తీసి పొడిచోట పెట్టాడు. అంతే. ఇంటిల్లిపాదీ నిలువునా తడిశారు గానీ గిన్నె మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. "మనిషన్నాక ముందుచూపుండాలయ్యా" అని భార్య నూకాలు తడిజుట్టు పిండుకుంటూ మెచ్చుకుంది. తమ్ముడు చిట్టబ్బాయి అన్న తెలివి చూసి ఆనందంతో ఏడ్చాడు. ఆ వానలో ఏడ్చినట్టు ఎవరికీ తెలియలేదు, అది వేరే సంగతి.

వాళ్ళ ఊరు కొత్తగట్టు, కాలువ పక్కనే ఉంటుంది. ఆ ఊరికి బడి ఉంది. బడికి పిల్లలున్నారు, మంగతాయారు అనే టీచరుంది. లేనిదల్లా గది. టీచరు పొద్దున్నే బియ్యం మిల్లు గోడ నీడలో బడి మొదలుపెట్టేది. నీడ జరిగితే బడీ జరిగేది. మిట్టమధ్యాహ్నానికి బుర్రా వారి పశువుల పాకలోకి చేరేది, సాయంత్రం పడవల రేవు మెట్ల మీద ముగిసేది. హాజరుపట్టీ, సుద్దముక్కలు, మంచినీళ్ళ సీసా అన్నీ ఆవిడ భుజానున్న గుడ్డసంచిలోనే. బడి బీరువా ఏదని అడిగితే ఆ సంచే చూపించేది.

నల్లబల్ల సంచిలో పట్టదు కదా. అందుకని పెంటయ్య ఇంటి తలుపు ఊడదీయించి తెచ్చి, బొగ్గు పూసి, దానిమీద రాసేది. ఆ తలుపూ మొన్న పోయింది. "కుక్కలు నేరుగా పొయ్యి దాకా వచ్చేస్తున్నాయి టీచరమ్మా" అని పెంటయ్య పాఠంతో సహా తలుపు మోసుకుపోయాడు. ఇప్పుడు వాళ్ళింటికి వెళ్ళిన వాళ్ళందరూ 'ఖ'ని తోసుకుని లోపలికి వెళ్తున్నారు.

దీనికి అందరికంటే ఎక్కువ బాధపడింది గవరయ్య. ఎందుకంటే ఆయన కూడా ఆ బడిలో విద్యార్థే. నలభై రెండేళ్ళ మనిషి, మీసాలతో సహా పిల్లల వెనక వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. వారానికి ఒక అక్షరం. ఇప్పటికి 'ఖ' దాకా వచ్చాడు. ఆ తర్వాతది 'గ'. అది తన అక్షరమని టీచరు చెప్పింది. "మీ పేరు దాంతోనే మొదలవుతుంది గవరయ్యగారూ" అని ఆవిడ అన్న రోజు నుంచి ఆయనకి అన్నం సరిగ్గా సహించలేదు. పుట్టిన దగ్గర్నుంచి జనం తనని ఏ అక్షరంతో పిలుస్తున్నారో అదెలా ఉంటుందో చూడాలి కదా!

అంతలో పిడుగులాంటి కబురొచ్చింది. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తాడట. నల్లబల్ల, గంట, సుద్ద, కుర్చీ లేకపోతే బడి ఎత్తేస్తారట. పిల్లల్ని కాలువ అవతలి ఊరి బడికి పంపిస్తారట.

"మరి నన్నో?" అన్నాడు గవరయ్య.

"అవతలి ఊళ్ళో పెద్దవాళ్ళని కూర్చోనివ్వరండీ" అంది టీచరు తలవంచుకుని.

'ఖ' దగ్గర ఆగిపోయిన బతుకు ఏం బతుకు? గవరయ్య వెంటనే లేచి నిలబడ్డాడు. "టీచరమ్మా, మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ఏమేం కావాలో చెప్పండి. మీరు చెప్పింది చెప్పినట్టు తెస్తాం. పొల్లు పోనివ్వం."

పాపం, ఆవిడకి ఈ ఇంటి సంగతి అంతగా తెలియదు. సంతోషపడిపోయి ముగ్గుర్నీ పిలిచి చెప్పింది. "గవరయ్యగారూ, మీరు నల్లబల్ల సంగతి చూడండి. నల్లగా ఉండాలి, వెడల్పుగా ఉండాలి, మనం ఎటు వెళ్తే అటు మనతో వచ్చేదై ఉండాలి. నూకాలమ్మగారూ, నా సంచిలో సుద్ద అయిపోయింది, మీరు అది చూడండి. తెల్లటి గీత పడితే చాలు. చిట్టబ్బాయీ, నువ్వు గంట. కొట్టగానే పిల్లలు ఎక్కడున్నా పరిగెత్తుకు రావాలి, అలాంటిది చూడు. ఇన్‌స్పెక్టరుగారు రాగానే కూర్చోడానికి ఏదైనా ఏర్పాటు చెయ్యి." సంచి భుజానేసుకుని వెళ్ళబోతూ ఆగి, నిట్టూర్చింది. "ఆ ఒక్కపూట నీడ కదలకుండా ఉంటే ఎంత బాగుండు!"

"అదీ చూస్తాను టీచరమ్మా" అన్నాడు చిట్టబ్బాయి.

ఇంకేముంది, శుక్రవారం రానే వచ్చింది.

టీచరు మిల్లు దగ్గరికి వచ్చేసరికి నీడ అంచు చుట్టూ మేకులు దిగేసి ఉన్నాయి. మేకుకీ మేకుకీ మధ్య ఎడ్లకి కట్టే పలుపుతాడు బిగించి ఉంది. చిట్టబ్బాయి సుత్తి పట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు. "కట్టేశాను టీచరమ్మా. ఇహ ఎటు పోతుందో చూస్తాను" అన్నాడు.

ఆవిడ నోరు తెరిచేలోపు గవరయ్య వచ్చాడు. ఆయన వెనక కాటుక వచ్చింది. కాటుకంటే ఆ ఇంటి గేదె. దాని వెనక దాని దూడ కూడా వచ్చింది.

"ఇదేమిటి గవరయ్యగారూ?"

"నల్లబల్లండి."

"ఇది గేదె కదండీ!"

"నల్లగా లేదాండి?"

"ఉంది కానీ..."

"వెడల్పుగా లేదాండి?"

"ఉంది..."

"మనం ఎటెళ్తే అటు రాదాండి? గుప్పెడు గడ్డి చూపిస్తే కాశీ దాకా వస్తుంది. మీరడిగిన మూడూ ఉన్నాయి. పైగా పాలిస్తుంది. అది మీరు అడగలేదనుకోండి."

టీచరుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్‌స్పెక్టరు దిగే బస్సుకి గంట కూడా లేదు. సరే కానివ్వమని చెయ్యి చాపింది. నూకాలు కొంగు విప్పి వేళ్ళంత పొడుగు సుద్దముక్కలు చేతిలో పెట్టింది. బియ్యప్పిండి ముద్ద చేసి, చుట్టి, ఎండబెట్టినవి. "చిటికెడు ఉప్పు కూడా వేశానమ్మా. మా వంటింట్లోంచి చప్పిడిది బయటికెళ్తే నా పరువేం కావాలి?" అంది.

ఉప్పుదైనా సుద్ద బాగానే రాసింది. టీచరు కాటుక పొట్ట మీద ఇంతెత్తున 'అ' రాసి చూసింది. కాటుక తోక ఒక్కసారి ఇటు విసిరింది. 'అ' లేదు. "డస్టరు వేరే వెతకక్కర్లేదు చూశారా" అన్నాడు గవరయ్య పొంగిపోతూ.

"ఇక గంట కొట్టు చిట్టబ్బాయీ" అంది టీచరు నీరసంగా.

చిట్టబ్బాయి చొక్కాలోంచి గంట తీసి గణగణ మోగించాడు. అంతే. సందుల్లోంచి, చెట్ల మీంచి, కాలువలోంచి పిల్లలు పరుగో పరుగు. జ్వరమని పడుకున్నవాళ్ళు దుప్పట్లతో వచ్చారు. అవతలి ఊరి పిల్లలు పడవెక్కి వచ్చారు. అంత హాజరు ఆ బడి ఎన్నడూ చూడలేదు. అందరూ ఒకటే కేక, "ఐసు! ఐసు!" వాళ్ళందరి వెనకా రొప్పుకుంటూ పుల్లైసు బండివాడు వచ్చాడు. "నా గంట ఎవడెత్తుకొచ్చాడ్రా!"

"ఏ గంటకి పిల్లలు పరిగెత్తుకొస్తారో అదే తెమ్మన్నారు టీచరమ్మ. ఊరంతా కనుక్కుంటే నీదే తేలింది" అన్నాడు చిట్టబ్బాయి. తన గంటకి ఇంత పేరుందని తెలిసి బండివాడు మెత్తబడి, వెనక వరసలో గవరయ్య పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు.

ఇంత హడావుడిలో నీడ మెల్లగా తాడు దాటి అవతలికి పోయింది. పిల్లలు లేవబోతే చిట్టబ్బాయి లేవనివ్వలేదు. "నీడని కట్టింది ఇక్కడ. అది తప్పించుకుపోతే దాని తప్పు. మనం కదలకూడదు." అందరూ మండుటెండలో తాడు లోపల బుద్ధిగా కూర్చున్నారు. బయట చల్లటి నీడ ఖాళీగా ఉంది.

అదిగో, అప్పుడొచ్చాడు ఇన్‌స్పెక్టరు. గొడుగు, కళ్ళజోడు, చంకలో ఫైలు. "బడి ఎక్కడ?" అనుకుంటూ తల పైకెత్తి నడుస్తున్నాడు, తాడు చూసుకోలేదు. కాలు తగిలింది. గొడుగు ఒకవైపు, ఫైలు ఒకవైపు, ఆయన సరిగ్గా మధ్యలో కూలబడ్డాడు.

"వదినా, అయ్యగారు రాగానే కూర్చున్నారు! కుర్చీ పని కూడా అయిపోయింది" అని చిట్టబ్బాయి చప్పట్లు కొట్టాడు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సవరించుకుని, కోపంగా, "నల్లబల్ల ఎక్కడమ్మా?" అన్నాడు. గవరయ్య గేదెని మెల్లగా ఇటు తిప్పాడు. ఇన్‌స్పెక్టరు నోరు తెరుచుకుపోయింది. ఎలాగూ బడి పోయేలా ఉంది, కనీసం గవరయ్యకి 'గ' చూపిస్తానన్న మాటైనా నిలబెట్టుకుందామనుకుందో ఏమో, మంగతాయారు సుద్ద తీసుకుని కాటుక పొట్ట మీద గుండ్రంగా, నిండుగా 'గ' రాసింది.

గవరయ్య చూశాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. ఇంత అందంగా ఉంటుందా నా పేరు మొదలు? వేలితో దిద్దుకుందామని ఒక్క అడుగు ముందుకేశాడు. ఆయనకంటే ముందు దూడ వేసింది. ఉప్పు వాసన తగిలిందేమో, ఇంత నాలుక చాపి కింద నుంచి పైకి ఒక్క నాకుడు నాకింది. ఇంకేముంది, అక్షరం దాని కడుపులో పడింది.

"అమ్మో! నా అక్షరం!" గవరయ్య అక్కడే కూలబడి భోరుమన్నాడు. "అయ్యగారూ, దూడకి 'గ' వచ్చేసిందండీ! పుట్టి మూణ్ణెల్లు కాలేదు, దానికి వచ్చేసింది. నలభై రెండేళ్ళ వాణ్ణి, నేనింకా 'ఖ' దగ్గరే ఉన్నాను. మీరు బడి ఎత్తేస్తే అవతల నన్ను కూర్చోనివ్వరు. ఇక నాకెప్పటికీ రాదండీ!"

ఇన్‌స్పెక్టరు ముందు నవ్వాడు. కళ్ళజోడు ఊడిపడేలా, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గవరయ్య ముఖం చూసి ఆగిపోయాడు. ఆ కన్నీళ్ళలో వేషం లేదు. ఆయన లేచి, జేబులో పెన్ను తీసి, గవరయ్య కుడి అరచేతిలో 'గ' రాశాడు. "ఇది నీదయ్యా. గుప్పిట్లో దాచుకో, ఏ దూడా తినలేదు."

తర్వాత టీచరు వైపు తిరిగాడు. "గదులున్న బళ్ళు చాలా చూశానమ్మా. గది లేకపోయినా ఇంత కోరికున్న బడి చూడలేదు. దీన్నెలా ఎత్తేస్తాను? గది మంజూరు చేయిస్తాను." గవరయ్య భుజం తట్టి హాస్యానికి ఇంకో మాట అన్నాడు. "నీ నల్లబల్ల ఎక్కడుంటే గది అక్కడే. మేస్త్రీ ఇటుకలు తెచ్చిన రోజు చోటు చూపించి గుర్తుపెట్టు."

హాస్యానికి అన్నాడు పాపం. ఎవరి దగ్గర అన్నాడో చూసుకోలేదు.

ఆ రోజు నుంచి గవరయ్య గుప్పిట విప్పలేదు. నూకాలు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. పాలు ఒంటిచేత్తో పితికితే కాటుక సగమే ఇచ్చింది. అప్పుడప్పుడు వేళ్ళు రవ్వంత సందు చేసి, ఎవరూ చూడకుండా, ముఖ్యంగా దూడ చూడకుండా లోపలికి తొంగిచూసేవాడు. చూసి, ఎడమచేతి వేలితో తొడ మీద దిద్దుకునేవాడు.

ఇరవై రోజులకి ఇటుకల బండి వచ్చింది. మిల్లు పక్క స్థలం చూపిద్దామని టీచరు అనుకుంది గానీ, పిల్లల్ని అన్నాలకి పంపి వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. మేస్త్రీ గవరయ్యనే అడిగాడు, "చోటెక్కడండీ?"

"నల్లబల్ల ఎక్కడుంటే అక్కడ" అన్నాడు గవరయ్య. మంచి ఎండవేళ. కాటుక ఎప్పట్లాగే కాలువ నడిమధ్యన మెడ దాకా మునిగి నెమరేస్తోంది. గవరయ్య పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. "ఇక్కడండీ!"

"అది కాలువ కదయ్యా!" అన్నాడు మేస్త్రీ.

"ఇన్‌స్పెక్టరుగారి మాటండి. మీరూ నేనూ కాదంటే ఎలా? ఉండండి, గుర్తు పెడతాను." గుర్తుకి ఆయనకి తోచిన అక్షరం ఒక్కటే, తన 'గ'. చూసి రాద్దామని గుప్పిట విప్పాడు. ఖాళీ. ఇరవై రోజుల చెమటకి అరచెయ్యి తెల్లగా, శుభ్రంగా ఉంది. పోయింది. మళ్ళీ పోయింది. ఉన్నచోటే నిలబడి, వేలు నీళ్ళ మీద పెట్టాడు. వేలు దానంతటదే కదిలింది. ఇలా గుండ్రంగా తిరిగి, ఇలా దిగి, పైన తలకట్టు పెట్టింది.

గట్టు మీదికి పరిగెత్తుకొచ్చిన మంగతాయారు అది చూసింది. అరవబోయిన నోరు అలాగే ఆగిపోయింది. ఎవరూ చెయ్యి పట్టి దిద్దించలేదు, ఎదురుగా రాసి లేదు, ఒక్క వంకరైనా లేదు. నీళ్ళ మీద 'గ' నిండుగా మెరిసి, అంతలోనే చెదిరిపోయింది. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఆవిడ కళ్ళు తుడుచుకునే ఆ కాస్త సేపే చాలింది వాళ్ళకి.

"వచ్చేసింది టీచరమ్మా! నాకు వచ్చేసింది!" అని గంతులేసి, "గుర్తు పెట్టేశాను, దింపరా తమ్ముడూ!" అని అరిచాడు గవరయ్య. గట్టు అంచున ఇటుకల బండి దగ్గర కాచుకుని ఉన్న చిట్టబ్బాయి దాని వెనక చెక్క లాగేశాడు. అంతే. కథలన్నీ కంచికి పోతాయంటారు గానీ, ఈ కథ ఇటుకలతో పాటు దబదబమని కాలువలోకి పోయింది. కాటుక ఒక్క ఉదుటున అవతలి గట్టెక్కి ఒళ్ళు విదిలించుకుంది.

గవరయ్య దాన్ని చూశాడు. బండిని చూశాడు. మేస్త్రీ వైపు తిరిగి, చాలా ఆలోచించిన మనిషిలా చెప్పాడు.

"మేస్త్రీగారూ, బడి అవతలికి జరిగిందండీ. ఇటుకలన్నీ తీసి అక్కడ పెట్టండి. త్వరగా కానివ్వండి, దానికి ఆకలేస్తే మళ్ళీ ఇంటికొచ్చేస్తుంది."