ఊరేగింపు కారుకి పంకా

చలమయ్యగారి పాత నల్లకారులో రేడియేటర్ పంకా రెక్క విరిగిపోయింది. అలాంటి పంకా ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. గురువారం రాత్రి ఆయన మనవరాలి పెళ్లి ఊరేగింపు ఆ కారులోనే జరగాలి.

మెకానిక్ జిలానీ ఉస్తాద్ కారు తాళం శిష్యుడు నాగబ్రహ్మం చేతిలో పెట్టాడు.

"ఇందులో నేను చెయ్యి పెట్టను. ఊరేగింపులో రేడియేటర్ పొంగకపోతే నీ షెడ్డు నువ్వు తెరుచుకో" అన్నాడు.

బ్రహ్మం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మాట అది. షెడ్డుకి స్థలం చూసుకున్నాడు. బోర్డు కూడా రాయించి మంచం కింద దాచాడు.

పాత సామాన్ల కొట్లన్నీ గాలించి మూడు పంకాలు తెచ్చాడు. ఒకటి జీపుది, మరొకటి లారీది. మూడోది కొత్త కార్లలో బ్యాటరీ మీద తిరిగేది. ఒకటి బిగించడం, గుంటూరు రోడ్డెక్కి దూసుకుపోవడం, వేడి చూపే ముల్లు చూసుకోవడం, తిరిగొచ్చి అది విప్పి ఇంకోటి బిగించడం. అన్నం నిలబడే తిన్నాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి ఇంకోటి తెప్పించుకున్నాడు.

"ఏరా, తేలిందా?" అడిగాడు ఉస్తాద్.

"అదే ఉస్తాద్ నా గోల. మూడూ బాగానే ఉన్నాయి. దేంతో వెళ్లినా ముల్లు సగం దాటట్లేదు. ఏది ఉంచాలో మీరే చెప్పండి."

ఉస్తాద్ స్పానర్ అందుకున్నాడు.

"చెయ్యి పెట్టనన్నారుగా?"

"పెట్టడం లేదు. తీస్తున్నా."

బిగించి ఉన్న జీపు పంకా విప్పేశాడు. బ్రహ్మాన్ని పక్కసీట్లో కూర్చోమని దాన్ని అతని ఒళ్లో పెట్టాడు.

"పంకా లేకుండానా? ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది ఉస్తాద్!"

"కూర్చోవయ్యా."

కారు అదే గుంటూరు రోడ్డు మీద అదే వేగంతో వెళ్లింది. ముల్లు సగం దగ్గరే ఆగింది. బ్రహ్మం నమ్మలేక గాజు మీద గోటితో కొట్టి చూశాడు. అది కదల్లేదు.

"అంటే ఇన్ని ట్రిప్పులూ చల్లబరిచింది ఎదురుగాలేనా?"

ఉస్తాద్ ముందుకి చూపించాడు. రైలు గేటు పడి ఉంది. కారు ఆపాడు కానీ ఇంజన్ ఆపలేదు.

కాసేపటికి ముల్లు లేచింది. బ్రహ్మం మెడ చాచి పట్టాల వైపు చూశాడు. రైలు జాడ లేదు. ముల్లు ఎర్రగీత వైపు నడుస్తోంది. అతని కాలు కారు అడుగురేకును దబదబా తంతోంది.

"ఇంజన్ ఆపండి ఉస్తాద్! పొంగుతుంది!"

"ఊరేగింపులో బ్యాండువాళ్లు ప్రతి సెంటర్లో ఆగుతారు. అక్కడా ఆపుతావా?"

గూడ్సుబండి తీరుబడిగా పోయింది. గేటు లేచి కారు కదలగానే ముల్లు మెల్లగా దిగింది. ఉస్తాద్ ఇంకా అదురుతున్న శిష్యుడి మోకాలి వైపు చూశాడు.

"పరుగులో ఉన్నంతసేపూ ఎవరికీ పంకా అక్కర్లేదు బేటా" అన్నాడు.

మర్నాడు బ్రహ్మం రోడ్డెక్కలేదు. కారుని షెడ్డు ముందు ఎండలో నిలబెట్టి ఇంజన్ ఆన్ చేసి వదిలేశాడు. బ్యాటరీ పంకా కాసేపు తిరిగి నీరసించింది. లారీ పంకా బరువుకి బండంతా వణికింది. చివరికి జీపు పంకా బిగించి, ముల్లు కనబడేలా తలుపు తీసి, ఆయిల్ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఉస్తాద్ నమాజు చేసుకుని వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. పక్కన టీ మీద మీగడ కట్టింది. కాళ్లు రెండూ నేల మీద కదలకుండా ఉన్నాయి.

ఉస్తాద్ కొంతసేపు వెనకే నిలబడ్డాడు.

"మంచం కింద బోర్డు బయటికి తియ్యి. ముహూర్తం చూసుకో" అన్నాడు.

బ్రహ్మం వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు.

"ఆగండి ఉస్తాద్. ముల్లు చూస్తున్నా."