ఓదెమ్మ మరిచిపోయిన చెప్పులు

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెప్తాను. ఊఁ కొట్టడం ఆపారా, కథ అలిగి వెళ్ళిపోతుంది! మన తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో ఒక నగరం ఉండేది. అబ్బబ్బ, ఏం నగరమది! బండ్లు గడగడ, గుర్రాలు టకటక, అంగళ్ళవాళ్ళు లబలబ. ఎవరిని పలకరించినా ఒకటే జవాబు.

"పనుంది, మళ్ళొస్త!"

ఆ నగరం నడిబొడ్డున రాజుగారు ఒక వింతల మేడ కట్టించారు. ఇప్పుడు మనం మ్యూజియం అంటామే, అలాంటిది. లోపల పాటపాడే గడియారం, దంతపు కుర్చీ, గోరంత పుస్తకం. చూడ్డానికి జనం కిటకిట! మేడ వెనక ఒక తోట. అందులో పొలాల్లో, పాత బావుల్లో దొరికిన రాతిబొమ్మలు. చెయ్యి లేనిదొకటి, తల లేనిదొకటి, ముక్కు లేనిదొకటి. లోపల పెట్టడానికి పనికిరావని అక్కడ పడేశారు. అటువైపు పిట్టలు తప్ప ఎవరూ పోయేవారు కాదు. ఊరంతా ఉరుకు, తోటంతా కునుకు!

మేడ ముందు చెప్పులు కాసే మనిషి ఓదెమ్మ. లోపల నేల అద్దంలా మెరిసేది. అందుకని ఎంతటివాళ్ళయినా చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఓదెమ్మ చీటీలివ్వదు, గుర్తులు పెట్టదు. బయటికొచ్చిన మనిషి మొహం చూస్తుంది, వాళ్ళ జత తీసి కాళ్ళముందు పెడుతుంది. ఒక్కనాడూ తప్పింది లేదు. పొద్దున్నే వెనక తోట ఊడ్చి, చెట్లకు నీళ్ళు పెట్టేదీ ఆమే. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ముక్కు లేని రాతిబొమ్మ చంకలో బిడ్డతో నిలబడి ఉండేది. ఓదెమ్మ ఆమెను అక్కా అని పిలిచేది. "అక్కా, ఇయ్యాల ఎండ దంచుతున్నదే" అనేది. "అక్కా, నడుము నొస్తున్నదే" అనేది. అంత పెద్ద నగరంలో ఓదెమ్మ మాటను కదలకుండా విన్నది ఆ అక్క ఒక్కతే, పాపం.

ఆ మేడ మీద పెత్తనం చేసే పెద్ద అధికారి దారోగా. ఆయనవి కిర్రు చెప్పులు. ఆయన రాకముందే చప్పుడు వచ్చేది. ఒక ఎండాకాలం పొద్దున కిర్రు కిర్రుమంటూ వచ్చి హుకుం వేశాడు.

"ఆ తోట ఎవ్వలు జూస్తుండ్రు? చదును చేసి బండ్లు ఆపుతం. ఆ రాళ్ళు పగలగొట్టి బాటకు కంకరేస్తం."

ఓదెమ్మ పరుగెత్తి ఆయనకు అడ్డం నిలబడింది. కంకరా! అక్కనా!

"దొరా, మూడొద్దులు ఆగుండ్రి. ఒక్క మనిషన్న తనంత తాను ఆ తోటల కూసుంటే ఉంచుతరా?"

దారోగా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ ఊర్ల కూసునే తీరిక ఎవ్వనికుంది? సరే, మూడొద్దులు. మూడోనాడు పొద్దు గుంకంగనే గడ్డపారలొస్తయి."

మొదటిరోజు ఓదెమ్మ గొంతు చించుకుని పిలిచింది. "వెనక తోటుంది, చూసి పోండ్రి!" చూసినవాళ్ళెవరు? "పనుంది, మళ్ళొస్త!"

రెండోరోజు గుమ్మం నుంచి తోటదాకా ముగ్గు వేసింది. ఆ ముగ్గు వెంట నడిస్తే తోటలోకే పోతారని ఆమె ఆశ. జనం ముగ్గు బాగుందన్నారు, దాటుకుని పోయారు. "పనుంది, మళ్ళొస్త!"

ఆ సాయంత్రం అక్క ముందు కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ తన కాళ్ళకేసి చూసుకుంది. తడిగడ్డిలో వట్టి పాదాలు. చల్లగా, హాయిగా ఉన్నాయి. చటుక్కున లేచి నిలబడింది!

"అక్కా! చెప్పుల్లేకుంట ఎవ్వలన్న ఇంటికి పోతరానే?"

ఇక మూడోరోజు చూడండి! జనం లోపలికి పోగానే ఓదెమ్మ కొంగు బిగించింది. ఒక గంప, రెండు గంపలు, మూడు గంపలు! చెప్పులన్నీ మోసుకెళ్ళి తోట చివర, అక్క ఎదురుగా ఉన్న పొగడచెట్టు కింద గుట్టగా పోసింది. దారోగావి కూడా!

జనం బయటికొచ్చారు. గుమ్మంలో ఒక్క చెప్పు లేదు. "దొంగలు! దొంగలు!" ఒకటే గోల. తోటలోంచి ఓదెమ్మ కేకేసింది.

"ఈడున్నయి, ఇటు రాండ్రి!"

ఎండకు బండలు కాగిపోతున్నాయి. షావుకార్లు, కొత్తకోడళ్ళు, పహిల్వాన్లు అందరూ ఒంటికాలి మీద ఎగురుతూ వచ్చారు. తడిగడ్డి తగిలేసరికి అందరి నోటా ఒకేసారి, "అమ్మయ్య!" వెనకాలే దారోగా కూడా ఎగురుతూ వచ్చాడు.

"నా చెప్పులెక్కడ?" అన్నాడొక షావుకారు.

"యాదికొస్తలేదయ్యా. జర కూసోండ్రి, ఎతుకుత."

ఓదెమ్మకు యాదికి రాకపోవడమా! బతుకంతటిలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. అందరూ కూర్చున్నారు. దారోగా మాత్రం కూర్చోలేదు.

"ఓదెమ్మా, ఇది చెప్పుల కోసం ఆగుడు. తనంత తాను కూసునుడు కాదు. చెప్పులియ్యి, ఎవ్వలు ఉంటరో చూస్త."

మాటంటే మాటే. ఓదెమ్మ కళ్ళు తుడుచుకుంది. మొహం చూసి జత తీసింది, జత తీసి ముందు పెట్టింది. ఒక్కటి తప్పలేదు. పెట్టిన ప్రతి జత వేళ్ళూ అక్కవైపే తిప్పి పెట్టింది, పోయేముందు ఒక్కసారన్నా చూస్తారని. షావుకారు తొడుక్కున్నాడు, వెళ్ళాడు. కొత్తకోడలు రాలిన పొగడపూలు ఏరుకుంది, వెళ్ళింది. పహిల్వానూ వెళ్ళాడు. పొద్దు గుంకుతోంది. గడ్డపారలవాళ్ళు వచ్చి నిలబడ్డారు.

చివరికి మిగిలినవి కిర్రు చెప్పులు. వాటినీ అక్కవైపు తిప్పి పెట్టింది.

"ఇగో దొరా. ఇగ నా దగ్గర ఏం మిగల్లే."

దారోగా గడ్డిలో వట్టికాళ్ళతో ఉన్నాడు. అడుగు వేస్తే కిర్రు లేదు. తన చప్పుడు లేకుండా ఆయన ఎప్పుడూ నడవలేదు కదా! చెట్లకు పారే కాలువలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఏదో పిట్ట వినిపించింది. తన ఊపిరి తనకే వినిపించింది. చెప్పులు తొడుక్కోబోతూ తలెత్తితే ఎదురుగా అక్క పాదాలు. ఆమె కాళ్ళకూ చెప్పుల్లేవు. కడియాల మీద గింజ గింజా చెక్కి ఉంది. ఎవరు చెక్కారో, ఎన్నాళ్ళు కూర్చుని చెక్కారో!

"దొరా, కొట్టమంటరా?" అని అడిగారు గడ్డపారలవాళ్ళు.

"ఉండుండ్రి" అంటూ దారోగా గడ్డిలో చతికిలబడ్డాడు. "ఓదెమ్మా, చెప్పులు ఆడనే ఉండనీ. ఇంకింతసేపు."

ఓదెమ్మ ఎగిరి గంతేసింది. "కూసున్నరు దొరా! ఒక్కలు కూసున్నరు!"

"ఎవ్వలు?" అని చుట్టూ చూశాడు దారోగా.

"మీరే!"

దారోగా పగలబడి నవ్వాడు. గడ్డపారలు వచ్చిన దారినే పోయాయి. మర్నాడు షావుకారు మళ్ళీ వచ్చాడు, తనంత తానే. కొత్తకోడలు అత్తను వెంటబెట్టుకుని వచ్చింది.

ఓదెమ్మ చాలా ఏళ్ళు బతికింది. ఆమె పోయిన మర్నాడు గుమ్మంలో చెప్పులు కాసేవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని తోటకు నడిచారు, పొగడచెట్టు కింద వరసగా పెట్టారు.

ఇప్పటికీ అంతే! నగరం ఇంకా పెద్దదయింది, గడగడ ఇంకా పెరిగింది. అయినా ఆ తోటకు పోయినవాళ్ళు చెప్పులు పొగడచెట్టు కింద, వేళ్ళు అక్కవైపు తిప్పి విడుస్తారు. తొడుక్కోగానే తోటను ఇంకొక్కసారి చూసే వెనుదిరగాలి. ఎవరన్నా పనుంది పనుందని మరీ గాభరాపడితే ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ అంటారు, "ఓదెమ్మ నీ చెప్పులు మరిచిపోయింది, జర కూసో!"

కథ తోటలో కూర్చుంది. మీ చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోండి.